మనీలా జెర్సీలో కడప అబ్బాయి

"ఇండియా పాస్‌పోర్టు వదిలేస్తాండావా? మా అబ్బాకు నేనేం చెప్పల్ల?"

మస్కట్ దగ్గరి బర్కాలో, నాన్న ఇక్బాల్ కిరాణా కొట్టు పక్కనే నిలబడి ఉమైమా నిలదీసింది. అజహర్ కారు దిగీ దిగకముందే మొదలైంది గొడవ.

అజహర్ పుట్టింది మస్కట్‌లో. నాన్నది కడప, అమ్మ మారిసెల్‌ది ఫిలిప్పీన్స్. ఆ దేశపు జాతీయ ఫుట్‌బాల్ జట్టు నుంచి అతనికి పిలుపొచ్చింది. ఆడాలంటే అమ్మ దేశం పాస్‌పోర్టు తీసుకోవాలి. రెండూ ఉంచుకోవడానికి ఇండియా ఒప్పుకోదు.

జట్టులో సగం మంది తనలాంటివాళ్లేనని అజహర్ నచ్చజెప్పబోయాడు. ఒకడు జర్మనీలో పుట్టాడట, ఇంకొకడు నార్వేలో. అమ్మో, అమ్మమ్మో అక్కడివాళ్లయితే చాలట.

"వాళ్లెవురూ కడపోళ్ల పిల్లను చేసుకుంటామని తిరగడంల్యా" అంది ఉమైమా.

అతను నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండింది. ఈ ప్రేమ సంగతి నాన్నకు ఇంకా తెలియదు. తెలిస్తే ఒప్పుకోడేమోనని ఆమె భయం.

అజహర్ మనీలా వెళ్లాక ఉమైమాకు కాలు నిలవలేదు. క్లినిక్‌లో డ్యూటీ చేస్తూ పేషెంట్ పేరు అడిగి, రాసుకోకుండా మళ్లీ అడిగేది. అతను మెసేజ్ పెడితే కోపం, పెట్టకపోతే ఇంకా కోపం. ఇంతలో ఆ జట్టే ఒమన్‌తో ఆడటానికి మస్కట్ వచ్చింది. ఇక ఆగలేక నాన్నకు అంతా చెప్పేసింది.

"పాస్‌పోర్టే మార్చినోడు రేపు మాట మార్చడని ఏం నమ్మకం?" అన్నాడు ఇక్బాల్. అయినా మ్యాచ్‌కు వచ్చాడు.

ఆ సాయంత్రం మస్కట్‌లో వాన పడింది. మ్యాచ్ ఒమన్ గెలిచింది. కానీ బంతి అజహర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా నాన్న కాలు కదలడం ఉమైమా చూసింది.

ఆట అయ్యాక అజహర్ తడిసిన జెర్సీతోనే తల్లి వెంట వాళ్ల దగ్గరికి వచ్చాడు. ఇక్బాల్ సలాం కోసం చూస్తున్నాడు. కంగారులో అజహర్ సలాం మరిచిపోయి, వంగి, ఆయన చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు.

"జ్వరమా?" ఇక్బాల్ మెడ కూడా పట్టి చూశాడు. "ల్యాదే, చల్లగానే ఉండావే."

ఉమైమాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి.

మారిసెల్ తనకొచ్చిన హిందీలో చెప్పుకొచ్చింది. వాళ్ల దగ్గర పెద్దల దీవెన ఇలాగే అడుగుతారట. అజహర్ ఇంటి పెద్దలకు తప్ప ఇంతవరకు ఎవరికీ ఇలా చెయ్యలేదట.

ఇక్బాల్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మెల్లగా దాన్ని అజహర్ తడి తల మీద పెట్టాడు. తర్వాత తన భుజం మీది తువ్వాలు తీసి కూతురి చేతికిచ్చాడు.

"తల తుడుచుకోమను. రేపు వాళ్ల నాయనను మనింటికి రమ్మను."

ఉమైమా తువ్వాలు అజహర్‌కు అందిస్తూ, "రేపు మీ నాయనను పిల్చుకోని రా" అంది.