ఎక్కే షేరు అమ్మమన్న కోడలు

పొద్దున్నే కాఫీ గ్లాసు పెద్దాయన ముందు పెట్టి, కోడలు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మామూలుగా ఆ వేళకి ఆమె స్కూలు సంచి సర్దుకుంటూ ఉంటుంది. సైన్సు టీచరు కదా, ఏడున్నర దాటితే ఇంట్లో కాలు నిలవదు. కూర్చుందంటే ఏదో గట్టి సంగతే.

"మావయ్యా, మీ పంపుల కంపెనీ షేర్లు అమ్మేద్దామండీ."

పెద్దాయన గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ కంపెనీలో ఫిట్టరుగా చేరి, ముప్ఫై రెండేళ్లు పనిచేసి, హెడ్ ఫిట్టరుగా రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో సగం పెట్టి ఆ కంపెనీ షేర్లే కొన్నాడు. ఎందుకు కొన్నావని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా తనని తాను ప్రశ్నించుకోలేదు. మిగతా సగంతో ఏం కొనాలో, ఏది ఎప్పుడు వదిలించుకోవాలో కోడలే చూస్తోంది.

గడ్డానికి సగం నురుగుతోనే కొడుకు బాత్రూంలోంచి బయటికొచ్చాడు.

"ఎక్కుతున్నదాన్ని అమ్మడమా? మూడు నెలల్లో పావు వంతు పెరిగింది తెలుసా?"

"తెలుసండీ. అందుకే ఇప్పుడైతే మంచి ధర వస్తుంది."

"మరి ఆ సీసాల కంపెనీ? రోజూ జారుతోంది, అమ్మెయ్యవే అని మొత్తుకున్నాను. ఉంచాలన్నావు. దిగేది ఉంచుతావు, ఎక్కేది అమ్ముతావు! పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నావా ఏంటి?"

"ముందు మీరు ఆ నురుగు కడుక్కోండి, నేలంతా కారుతోంది" అంది కోడలు. "సీసాలకి ఆర్డర్లు తగ్గలేదు. గాజు కరిగించే కొలిమి బాగుచేసుకోవడానికి రెండు నెలలు ఆపారు, అంతే. ఏ కారణంతో కొన్నామో అది చెక్కుచెదరలేదు. ఇక్కడ అలా కాదు. నిరుడు పంపుల కంపెనీ చూపించిన లాభం పాత గోడౌను స్థలం అమ్మితే వచ్చింది. పంపుల అమ్మకం తగ్గింది. వారంటీ కింద వెనక్కి తీసుకున్న పంపుల ఖర్చు రెండింతలైంది. రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో వేశారు."

"చిన్న అక్షరాలు చూసి నా కంపెనీ సంగతి నాకు చెప్తావా అమ్మా?" పెద్దాయన గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "నా చేతుల మీదుగా వెళ్లిన పంపు ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు."

"మీరు బిగించినవి రావు మావయ్యా. ఇప్పుడు బిగిస్తున్నది మీరు కాదు కదా."

పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోడలికి కళ్లు నిండాయి గానీ తల దించుకోలేదు.

"షేర్లు మీవి. వద్దంటే ఇక ఆ మాట ఎత్తను. కానీ మిగతావి కూడా ఇక నన్ను చూడమనకండి. సగం నమ్మకంతో నేను చూడలేను" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

పెద్దాయనకి కాఫీ రుచించలేదు. కాసేపు వరండాలో, కాసేపు గదిలో తిరిగి, చివరికి బస్సెక్కి మార్కెట్ వీధిలో కంపెనీ పంపులు రిపేరు చేసే షాపుకి వెళ్లాడు. అక్కడి బట్టతల మెకానిక్కు ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. చూడగానే లేచి, స్టూలు మీద మరక తన చొక్కా అంచుతోనే తుడిచాడు. అంతమాత్రానికే పెద్దాయన గుండె కాస్త తేలికపడింది.

"ఏంటిరా ఇన్ని పంపులు?"

"అన్నీ వెనక్కి వచ్చినవే గురువుగారూ. అన్నీ ఈ నెలవే."

పెద్దాయన ఒక పంపు దగ్గరికి లాక్కుని ఇరుసు చేత్తో తిప్పాడు. గరగరమంది. విప్పి చూశాడు. బేరింగు అంచున చిన్న చిన్న నొక్కులు, సుత్తి దెబ్బలు. బేరింగును వేడి నూనెలో ఉంచి, మెల్లగా ఇరుసు మీదికి జార్చాలి. సుత్తితో కొట్టి దించకూడదు. అది ఆయన కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటి రోజే చెప్పే పాఠం.

"ఫ్యాక్టరీలో నూనె తొట్టి ఏమైందిరా?"

"తీసేశారు. పంపుకి పది నిమిషాలు కలిసొస్తాయట."

పెద్దాయన ఆ నొక్కుల మీద బొటనవేలు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. కోపం వస్తుందనుకున్నాడు. దాని బదులు ఇంకేదో వచ్చింది. ముప్ఫై రెండేళ్ల అనుభవం ఉన్న తాను పంపు విప్పితే గానీ చూడలేకపోయిన దెబ్బలని, ఆ పిల్ల కాగితం మీద చూసేసింది!

సాయంత్రం కోడలు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పెద్దాయన వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మెయ్యమ్మా. అన్నీ."

కొడుకు ఫోన్లోంచి తలెత్తాడు. "ఇంకో నెల ఆగుదాం నాన్నా. ఇంకా ఎక్కుతుందేమో!"

"ఎక్కితే ఎక్కనీరా. సుత్తితో కొట్టి దించిన బేరింగులో నాకు వాటా వద్దు." కోడలి వైపు తిరిగాడు. "పొద్దున నిన్ను చిన్నబుచ్చాను. నీ మాట నిజం. నా కళ్లతో చూసొచ్చాను."

కోడలు పెన్ను కింద పెట్టేసింది. ఆపుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది. పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "గుర్తుగా ఒక్క షేరు ఉంచుకుందామా మావయ్యా?" అంది.

"వద్దమ్మా. గుర్తుంచుకోవడానికి నాకు షేరు ఎందుకు?"

అంతలో ఆయన ఫోను మోగింది. కంపెనీలో పాతికేళ్లు పక్క బల్ల మీద పనిచేసిన మీసాలాయన.

"ఒరేయ్, మన కంపెనీ షేరు ధర చూశావా? నేను ఇంకో వంద కొందామనుకుంటున్నా. ఏమంటావు?"

"ఆగు, తొందరపడకు" అని స్పీకరు నొక్కి, ఫోను కోడలి ముందు పెట్టాడు పెద్దాయన.

ఆమె గొంతు సవరించుకుంది. స్థలం అమ్మిన సంగతి, వెనక్కి వచ్చిన పంపుల సంగతి, కొన్న కారణం పోయాక ధర పెరిగినా ఎందుకు ఆగకూడదో, అన్నీ ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. "చివరికి నిర్ణయం మీదేనండీ" అని ముగించింది.

"ఒరేయ్, ఎవర్రా ఆవిడ? ఏ బ్యాంకులో పెద్దాఫీసరు?"

"మా కోడలు" అన్నాడు పెద్దాయన.

మీసాలాయనకి మొదటిసారే స్పష్టంగా వినిపించింది. అయినా పెద్దాయన ఫోను దగ్గరికి వంగి, ఇంకాస్త గట్టిగా, ఇంకోసారి చెప్పాడు.

"మా కోడలురా!"