లోపటి నుంచి జవాబు

మీ ఇంట్ల ఎవరన్నా పర్యావరణం నౌకరీ చేస్త అంటే, అది చెట్లు నాటుడు అనుకుంటున్నరేమో ముందుగాల అడుగుండ్రి. మురికినీళ్లు సీసాల పట్టుడు, వాసన చూసుడు, సేఠ్‌తోని తిట్లు తినుడు, ఇదే పని. నా పేరు హారతి. సూరత్‌ల, సచిన్ అనే కార్ఖానల పేట కాడ ఒక రంగుల మిల్లుకు ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ని. పేరైతే ఘనంగనే ఉంటది గానీ, నా కుర్చీ పంపుల గది పక్కన రేకుల షెడ్డుల వేసిన్రు.

అయినా ఈ నౌకరీ కోసం మూడేండ్లు చెప్పులరిగేటట్టు తిరిగిన. కెమిస్ట్రీ చదివిన, పైనుంచి డిప్లొమా చేసిన. ఎక్కడికి పోయినా ఒకటే మాట, "ఆడపిల్లవు, ట్యాంకుల మీదికి ఎక్కుతవా?" ఎక్కుత అన్న. ఎక్కక ఏం చేస్త? ఆ దగ్గర్నే భేస్తాన్ బస్తీల మా ఇల్లు నడిచేది నా జీతం మీదనే.

మా నాయిన బక్కయ్య ఊర్లె కొన్నేండ్లు, ఈడ కొన్నేండ్లు, బతుకంత సాంచెలే నడిపిండు. ఆ మరమగ్గాల చప్పుడుకు రెండు చెవులు పోయినయి. పక్కన బాంబు పేలినా వినపడదు. ఇంట్ల మేం పిలువం. భుజం తట్టి, పెదాలు కనపడేటట్టు మాట్లాడుతం. తన గొంతు తనకే వినపడదు కాబట్టి నాయిన ఏం మాట్లాడినా అరిచినట్టే ఉంటది. సాంచెల పని పోయినంక నేనే సేఠ్‌ను బతిమాలి మా మిల్లుల హెల్పర్‌గ పెట్టించిన.

ఆ సాయంత్రం వాన దంచి కొడుతున్నది. తెల్లారితే పొల్యూషన్ బోర్డోళ్ల తనిఖీ. రంగునీళ్లన్నీ చేరే భూమి కింది ట్యాంకు పైపు జామైంది. నల్లనీళ్లు పొంగి రోడ్డెక్కుతున్నయి. బురద గుంజే బండోళ్లు ఈ వానల రామన్నరు. సేఠ్ ఫోన్ చేసి, "బేటీ, రేపు మిల్లు బంద్ పడితే ఎల్లుండి నుంచి నువ్వు గూడ ఇంటికాడనే ఉండు," అని పెట్టేసిండు.

కూలబడి ఏడ్చిన. సిగ్గెందుకు, వెక్కివెక్కి ఏడ్చిన. నాయిన వచ్చి చూసిండు.

"పైపు మూతికి గుడ్డపీలికలు పడ్డయి, గంతే! నేను దిగి తీస్త!" అని అరిచిండు.

వద్దని చెయ్యి అడ్డం పెట్టిన. గాలి పంపకుండ ట్యాంకుల మనిషిని దింపొద్దు, మా చదువుల మొదటి పాఠమే అది. మళ్ల నేనే చెయ్యి తీసిన. నౌకరీ పోతదన్న భయం ఎసొంటిదో పోగొట్టుకున్నోళ్లకు ఎరుక. విషగాలి ఉంటే మోగే గ్యాస్ మీటర్ మూత కాడ పెట్టి చూసిన, మోగలే. అడుగు దాక దింపి చూడలే. నాయిన నడుముకు తాడు కట్టిన. నా నెత్తి నిమిరి నవ్వుకుంట దిగిండు.

అప్పుడే కరెంటు పోయింది.

పంపులు ఆగినయి. మిల్లు ఆగింది. పంపులు నడిపే రాంప్రసాద్ జనరేటర్ కాడికి ఉరికిండు. నేనొక్కదాన్నే మిగిలిన. రేకుల మీద వాన, ఎక్కడనో నీళ్లు కారుతున్న చప్పుడు, కుళ్లిన గుడ్ల కంపు. ఫోన్ లైట్ లోపటికి కొట్టిన. నిచ్చెన రెండు మెట్లు కనపడ్డయి. దాని కింద ఏం లేదు, చీకటే.

తాడు కదుల్తలేదు.

"నాయినా..." అని పిలిచిన.

"ఆ... బిడ్డా."

అమ్మయ్య అనుకున్న. పానం లేచొచ్చింది.

"మంచిగున్నవా?"

"మంచిగున్న."

"అయిపోయిందా?"

"ఇంక జర..."

ఎంత మెల్లగ పలుకుతున్నడో! వాన తగ్గుముఖం పట్టింది. నేను గోడకు ఒరిగి ఊపిరి తీసుకున్న. వాసన లేదు. ఇందాకటి కుళ్లిన గుడ్ల కంపు ఇప్పుడు అసలుకే లేదు. ఆ కంపు పోయిందంటే గాలి బాగైనట్టు కాదు. ఆ గ్యాస్ ముందుగాల ముక్కునే చంపుతది.

"నాయినా, పైకి రా! వాసన వస్తలేదు, జల్ది రా!"

"రాను బిడ్డా..."

"ఏందే గిట్లంటవు? రా!"

"నువ్వే రా..."

గంత మెల్లగ... గంత మెత్తగ...

అప్పుడు గుర్తొచ్చింది.

మా నాయినకు వినపడదు.

మరి నేను పిలిస్తే... పలికిందెవరు?

తాడు పట్టుకొని గుంజిన. బరువు. మనిషి బరువు కాదు, ఇంకా ఎక్కువ. కాళ్లు మూత అంచుకు తన్ని గుంజిన. అరచేతుల తోలు లేచిపోయింది. "గుంజకు బిడ్డా..." అంటున్నది కింద. మంచిగ, బుజ్జగిస్తున్నట్టు. "దేవుడా, నౌకరీ వద్దు, ఏం వద్దు, మా నాయిన్ను ఇయ్యి," అని గొంతు చించుకొని ఏడ్చిన. రాంప్రసాద్ ఉరికొచ్చి తాడు అందుకున్నడు. ఇద్దరం గుంజితే ఒక్కసారి బరువు తగ్గింది. నాయిన పైకొచ్చిండు. నోట్లె నల్ల బురద. ఊపిరి ఉన్నది.

రాంప్రసాద్ రొప్పుకుంట నా దిక్కు చూసిండు.

"మేడం... లోపటికి పిలిచిన్రా?"

"పిలిచిన."

అతను నాయిన పక్కల నుంచి లేచి దూరం జరిగిండు.

దవాఖానల మూడోనాడు నాయిన కండ్లు తెరిచిండు. మా అమ్మ ఐలమ్మ తలుపు కాడ నిలబడి, "ఏమన్న తిన్నవానే?" అని నన్ను గుసగుసగ అడిగింది. మంచం మీద నాయిన అటు దిక్కు తిరిగి పండుకొని ఉన్నడు.

"తినలే అది," అన్నడు. మెల్లగ.

అమ్మ చేతులెత్తి మొక్కింది. దేవుడు చెవులు ఇచ్చిండని వార్డంత చెప్పుకున్నది. ఇన్నేండ్ల ముచ్చట్లన్నీ దాసిపెట్టుకున్నదేమో, ఇంటికొచ్చినంక పొద్దు మాపు ఆయనతోని మాట్లాడుతనే ఉన్నది. ఆమె గంత సంతోషంగ ఉండంగ నేను ఎన్నడు చూడలే. ఏమని చెప్పాలె? నేను ఆ గదిలకు పోను. పోకున్నా, "హారతీ..." అని మెత్తగ పిలుస్తడు.

బోర్డోళ్లు మిల్లు నెలరోజులు బంద్ పెట్టిన్రు. తెరిచిన్నాడు నీళ్ల శాంపిల్ తీయనీకి నన్నే పిలిచిన్రు. నౌకరీ పోలే. పోతే బాగుండు.

పట్టపగలు. ఎండ కొడుతున్నది. ట్యాంకు మూత జరిపి, సీసాకు దారం కట్టి వదిలిన. నీళ్లకు తాకకముందే దారం ఆగింది. గోడకు తట్టిందేమో అనుకొని జర లేపి చూసిన.

ఎవరో పట్టుకున్నరు. గుంజుతలేరు, వదుల్తలేరు. ఆ చెయ్యి వణుకుతున్నది, దారం మీంచి నా వేళ్లకు తెలుస్తున్నది.

మూత అంచు మీదికి వంగిన.

"నాయినా!" అని పిలిచిన. "నాయినా... నేనే... హారతిని..."

జవాబు రాలే.

ఎట్ల వస్తది? మా నాయినకు వినపడదు గదా...