అరుణాదేవి పేరున చీటీ

సొరకాయ తరుగుతుంటే అరుణాదేవి వేలు తెగింది. చిన్న గాటే. పావుగంటైనా రక్తం ఆగలేదు.

"సారూ, జర ఇటు రాండ్రి! బట్ట మొత్తం తడిసింది," అని పనిమనిషి మంగవ్వ కేకేసింది. "చేతుల నిండ నల్ల మచ్చలు సుత ఉన్నయి. చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకుంది."

"నీ నోట్లో ఏదీ ఆగదు కదే!" అంటూ అరుణాదేవి కొంగు చేతుల మీదికి లాక్కుంది.

జోగారావు పేపరు పక్కన పెట్టి వచ్చాడు. హైటెక్ సిటీ బస్సుకు బయల్దేరిన కోడలు హరిణి బ్యాగు దించి, అత్తగారి వేలికి గట్టిగా కట్టు కట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"ఉగాది నుంచి. పళ్ళు తోముకున్నా రక్తమే. ఆ మాత్రలు వేసుకుంటే అంతేలే."

రెండేళ్ళ కిందట మూడు నెలల తేడాతో ఇద్దరి గుండెల్లోనూ స్టెంట్లు వేశారు. అతనికి మూడు, ఆమెకు ఒకటి. వాటిలో రక్తం గడ్డకట్టకుండా ఇద్దరికీ అవే రెండు రకాల మాత్రలు. చెకప్పుకి మాత్రం జోగారావొక్కడే వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు అమీర్‌పేట మందుల షాపులో డాక్టరు రాసిన తన మందుల చీటీ చూపించి, "రెండేసి ఇవ్వవయ్యా" అనేవాడు. జబ్బొకటే, డాక్టరొకరే, ఇంకో మనిషిని ఎండలో తిప్పడమెందుకని అతని ఉద్దేశం. అది భార్య మీద ప్రేమేననుకున్నాడు.

"అత్తయ్య చీటీ ఏదండీ మామయ్యగారూ?"

"ఇదేగా."

"ఇది మీది."

"నన్ను ఇంకో ఏడాది వాడమన్నారమ్మా. నాకు చెప్పిందే తనకూనూ."

"ఆవిడ మీకంటే ఇరవై కేజీలు తక్కువ!"

"నువ్వు కంప్యూటర్లు చదివావు, వైద్యం కాదు."

"మీరూ చదవలేదుగా!"

జోగారావు ముఖం ఎర్రబడింది. అరుణాదేవి మధ్యలోకి వచ్చింది. "పొద్దున్నే గొడవెందుకు? ఇవాళ్టి నుంచి మానేస్తాను, సరా?"

"అమ్మో, మనంతట మనం మానకూడదు అత్తయ్యా. స్టెంటు మూసుకుపోవచ్చు. అడిగే మానాలి. పదండి."

ముగ్గురూ ఎక్కిన ఆటో పంజాగుట్ట దాటి ఆసుపత్రి ముందు ఆగింది.

డాక్టర్ వసుమతి ఆ మచ్చలు చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది, ఫైలు తీసింది.

"ఏడాది కాగానే రమ్మని రాశానమ్మా, ఒక మాత్ర ఆపే సంగతి చూద్దామని. మీరు రాలేదు. జోగారావుగారూ, ఆవిడకెలా ఉందని అప్పుడు మిమ్మల్ని అడిగాను. 'బాగానే ఉందండి' అన్నారు. ఇదిగో, రాసుకున్నాను."

"ఇద్దరిదీ ఒకటే మందు కదండీ..."

"మందొకటే, మనుషులు వేరు. ఈ మందులతో ఆడవాళ్ళకు రక్తం కారడం ఎక్కువగా చూస్తున్నాం. అలాగని ఆడవాళ్ళందరికీ తొందరగా ఆపేయమనీ కాదు. ఎన్ని నెలలన్నది వయసు, బరువు, ఒంట్లో రక్తం, స్టెంటు, అన్నీ చూసి తేల్చాలి. అందుకు మనిషి నా ఎదురుగా ఉండాలి."

రక్తపరీక్షకు రాసింది. ఒక మాత్ర ఆపేసి, ఆస్పిరిన్ మాత్రం వదలొద్దంది. తర్వాత అడిగింది: "ఆయాసం ఉంటోందా?"

"అబ్బే, బాగానే..." అలవాటు కొద్దీ జోగారావు నోరు తెరిచాడు. పక్కకు చూస్తే అరుణాదేవి అతని వంకే చూస్తోంది, తనకెలా ఉందో అతను చెబుతాడని ఎదురుచూస్తున్నట్టు. తన షుగరు ఏ నెల ఎంతో అతనికి నోటికొచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ మనిషిని "నీకెలా ఉంది?" అని అడిగిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు తెలియదు డాక్టరుగారూ," అన్నాడు. "నేనెప్పుడూ అడగలేదు. తననే అడగండి."

అరుణాదేవి మెల్లగా మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఆయాసమంది. వంగి లేస్తే కళ్ళు తిరుగుతాయంది. గుండె దడకు భయమేసి, అందరూ బయటికి వెళ్ళాక దేవుడి గదిలో కూర్చుని ఏడ్చానంది. వింటున్న జోగారావు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

"ఉందండీ," అంది అరుణాదేవి, కుర్చీ ముందుకు జరుపుకుని.