మసి అంటని చోటు

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. చేతిసంచీని గుండెకు అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది.

"మా తమ్ముణ్ణి అరెస్టు చేస్తారటండీ. రెండు చేతులూ కాలి, నోటికి స్పూను కూడా నేనే అందిస్తున్నాను. అలాంటివాడు ఎక్కడికి పారిపోతాడని మంచం పక్కన పోలీసుని కాపలా పెట్టారు?"

ఆమె దర్జీ దుకాణం నడుపుకునే మనిషి. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. అతను బొమ్మల సినిమాలు తీసే ఒక చిన్న స్టూడియోలో కంప్యూటర్లు చూసుకునే టెక్నీషియన్. కిందటి వారం ఆ స్టూడియోలో పెద్ద కంప్యూటరు ఉండే మిషన్ గదిలో మంటలు లేచాయి. ఎన్నో ఏళ్లు కష్టపడి గీసిన సినిమా, దాని నకళ్లతో సహా కాలిపోయింది. కంప్యూటరులో బొమ్మలను నడిపే గ్రాఫిక్స్ కార్డు కాలింది, దానికి నాలుగు స్క్రూలు లేవని మర్నాడు ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు. స్క్రూలు విప్పి, కార్డు వేడెక్కేలా చేసి, స్టూడియోని తగలబెట్టింది టెక్నీషియనే అన్నది పోలీసుల మాట.

ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు డిటెక్టివు. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున కాలిన ఇళ్లూ గోదాములూ చూసి చూసి జుట్టు నెరిసిన మనిషి అతను. ఆ కొలువు మానేసి సొంత బోర్డు కట్టుకున్నా అందరూ సర్వేయరు గారనే పిలుస్తారు. పక్కనే కూర్చున్న అసిస్టెంటు ఒకప్పుడు సైన్సు టీచరు. ఆయన కేసు విప్పే తీరు ఒకసారి చూసి బడి వదిలేసి వచ్చింది. ఆమెకూ టీచరన్న పేరే మిగిలింది.

"మీ తమ్ముడికి ఆ స్టూడియో మీద కోపం ఉందా?" అడిగాడు సర్వేయరు.

"స్టూడియో మీద కాదండీ, ఆ కార్డు మీద! ఇంటికొస్తే అదే గోల. పైన రంగు రంగుల దీపాలట, లోపల అంతా డొల్లట. దాన్ని తయారుచేసినవాణ్ణి దాని మీదే కూర్చోబెట్టాలనేవాడు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. 'తగలబడితే గానీ మీకు బుద్ధి రాదు' అని ఓనరు గారితోనే అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకున్నారు."

"స్టూడియో నుంచి ఎవరైనా వచ్చి చూశారా?"

"చీఫ్ ఆర్టిస్టు గారొక్కరే. రోజూ పళ్లు తెచ్చి, ఒలిచి, నోట్లో పెట్టి వెళ్తారు. ఆవిడ సినిమానే కాలిపోయింది పాపం. అయినా ఎంత మంచి మనసో!"

సర్వేయరు లేచి చెప్పులు వేసుకున్నాడు. "పదండి టీచరూ. ముందు ఆస్పత్రికి."

టెక్నీషియన్ చేతులు మోచేతుల దాకా తెల్లటి కట్ల కింద ఉన్నాయి. పలకరింపులేవీ లేకుండా అతను నేరుగా కార్డులోకి దిగిపోయాడు.

"చిప్ మీద వేడిని లాగేయడానికి లోహపు రేకు ఉంటుంది సార్. అది చివరిదాకా రావాలి. దీంట్లో పొట్టిగా కోశారు. కరెంటు తీసుకునే భాగాలు రేకు బయటే ఉండిపోయాయి, వాటికి గాలి కూడా తగలదు. చెయ్యి పెడితే చుర్రుమనేది. మూడు కార్డులూ అంతే. వద్దంటే ఎవరూ వినలేదు. ఇక చేసేదేముంది? రోజంతా పనిచేసే మిషన్‌కి పక్క మూత తీసేసి, బయట నుంచి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. అలాగే ఈడ్చుకొచ్చాను."

"ఆ రోజు?"

"మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి పొగ. హార్డ్ డిస్కులు లాగుదామని చేతులు పెట్టాను. ఇంకేమీ చూళ్లేదు సార్. డిస్కు మాత్రం..." అతను కట్ల వైపు చూసుకున్నాడు. "చేతిలోనే కరిగిపోయింది."

స్టూడియోలో మొదట ఎదురైనవాడు ఓనరు. మంటలు లేచిన రోజున అతను వేరే ఊళ్లో ఉన్నాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు సోదా ముగించి వెళ్లిపోయాక గానీ తిరిగి రాలేదు.

"ఆ కార్డులు ఎవరు అమ్మారు?"

"మా బావమరిది. ఇంటి మనిషి కదా అని కొన్నాను."

బావమరిది అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఒక్క చోట నిలవని చూపు.

"కార్డులో ఏ లోపమూ లేదండీ. పెట్టె మీద ఎన్ని నక్షత్రాలున్నాయో చూడండి. వాడే ఏదో కెలికుంటాడు. నేనైతే అమ్మాక వాటిని ముట్టుకోలేదు."

"మంటలారిన రోజు సాయంత్రం మీరిక్కడికి వచ్చారటగా?"

"పలకరించడానికి వచ్చాను. తప్పా?"

"తప్పెందుకవుతుంది?" అన్నాడు సర్వేయరు.

చీఫ్ ఆర్టిస్టు గదిలో చల్లటి ఏసీ నడుస్తోంది. ఆమె బల్ల మీద పెన్సిళ్లు వరసగా ఉన్నాయి. చాలావాటికి సూదుల్లాంటి పొడుగాటి మొనలు. కొన్ని మాత్రం మొద్దుబారి ఉన్నాయి. పక్కన పెన్సిళ్లు చెక్కుకునే చాకు. బల్ల కింద, గోడవైపు తిప్పిన పాత టేబుల్ ఫ్యాన్. దాని వైరుకు రెండు చోట్ల నీలం టేపు చుట్టి ఉంది.

"అతణ్ణి నా సొంత తమ్ముడిలా చూసుకున్నాను," అందామె మెల్లగా. "ఎందుకిలా చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు."

"మిషన్ పక్క మూత తీసి ఉంచేవాడట?"

"లేదే! ఎప్పుడూ మూసే ఉండేది."

"ఈ ఫ్యాను మీదేనా అమ్మా?"

"మొదట్నుంచీ నాదే. ఏసీ పనిచేయనప్పుడు వాడుకుంటాను."

"సినిమాలో ఏమైనా మిగిలిందా?"

ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. మంటలు లేచిన మధ్యాహ్నమే, మిషన్ గది పక్కనున్న రికార్డింగ్ గదిలో రికార్డు చేసిన పాట తన దగ్గర ఉందట. వినిపించింది. ఒక చిన్నపిల్ల గొంతు, దాని చుట్టూ నిశ్శబ్దం. టీచరు కళ్లు చెమర్చాయి. సర్వేయరు మాత్రం అంతకు ముందు రోజుల్లో చేసినవి కూడా వినిపించమన్నాడు. వాటన్నిటిలోనూ మాటల వెనక సన్నటి గరగర ఉంది.

చివరగా మిషన్ గదికి వెళ్లారు. దాని తాళంచెవి వీధి గది మేకుకే వేలాడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. నల్లబడ్డ గోడల మధ్య సర్వేయరు మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో కార్డును చూశాడు. పైన ఫ్యాన్లను కప్పే తొడుగుకు నాలుగు స్క్రూ రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. ఒక్కొక్క రంధ్రం చుట్టూ చిన్న బొట్టుబిళ్లంత మేర తళతళలాడుతోంది. మిగతా తొడుగంతా మసి. ఒక రంధ్రం అంచున చిక్కుకున్న ఆవగింజంత ఉక్కు ముక్కను పటకారుతో తీసి కాగితంలో పొట్లం కట్టాడు. ఆర్టిస్టులు కూర్చునే గదిలోని మిగతా రెండు మిషన్ల కార్డులు కూడా తెరిపించాడు. ఆ మిషన్ల వైర్లకు టెక్నీషియన్ ఎప్పుడో చుట్టిన నీలం టేపు ఉంది. కార్డుల్లో రేకుకూ భాగాలకూ మధ్య, వేడిని రేకుకు చేర్చే కొత్త మెత్తటి పట్టీలు దూర్చి ఉన్నాయి. వాటి మీది ప్లాస్టిక్ పొర కూడా ఒలవలేదు.

"బావమరిది దొరికిపోయాడు!" అంది టీచరు ఉత్సాహంగా.

"దొరికాడు. కానీ మనం వెతుకుతున్నది వాణ్ణి కాదు," అన్నాడాయన. ఆ గొంతులో సంతోషం లేదు.

మర్నాడు ఉదయం అందరూ రికార్డింగ్ గదిలో చేరారు. ఓనరు, బావమరిది, చీఫ్ ఆర్టిస్టు, ఇన్‌స్పెక్టరు. దర్జీ అక్క తలుపు దగ్గర నిలబడింది.

"ముందుగా స్క్రూల సంగతి," మొదలుపెట్టాడు సర్వేయరు. "మంట లేచేటప్పటికే స్క్రూలు లేకపోతే రంధ్రాల చుట్టూ మసి పట్టాలి. పట్టలేదు. స్క్రూ తల కప్పినంత మేరా శుభ్రంగా ఉంది. అంటే మంటప్పుడు స్క్రూలు ఉన్నాయి. అంతా చల్లారాకే ఎవరో తీశారు. అప్పటికి టెక్నీషియన్ చేతులు కట్లలో ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరు కాలరు సర్దుకున్నాడు.

"తీసినవాళ్లు ఎవరు? ఈ బావమరిది గారు ఆ సాయంత్రం మిగతా రెండు కార్డుల్లో పట్టీలు దూర్చారు. కార్డు లోపం ఆయనకు ముందే తెలుసు."

"మళ్లీ ఇంకోటి కాలితే నా మీదకొస్తుందని..." నసిగాడు బావమరిది.

"నోర్ముయ్!" అరిచాడు ఓనరు.

"పట్టీల మీద పొర ఒలవనే లేదు, ఆ పని కూడా వృథా. కానీ ఈయనకు కార్డు సంగతి తెలుసు. నేరం వేరేవాడి మీద నెట్టాలనుకుంటే చిప్‌ను రేకుకు బిగించే స్క్రూలు తీసేవారు. తీసినవి అందం కోసం పెట్టిన తొడుగు స్క్రూలు. అవి ఉన్నా లేకపోయినా కార్డు వేడిలో తేడా ఉండదు. ఆ సంగతి తెలియని చెయ్యి అది. ఓనరు గారు ఊళ్లో లేరు. స్క్రూడ్రైవరు లేక చాకుతో తిప్పారు, మొన విరిగింది." కాగితం పొట్లం విప్పాడు. "అమ్మా, మంటల తర్వాత మీ పెన్సిళ్లు మొద్దుబారాయి. మీ చాకు ఇన్‌స్పెక్టరు గారికిస్తారా?"

చీఫ్ ఆర్టిస్టు చేతులు ఒళ్లో ముడుచుకుంది.

"ఆ రోజు మీరు పాట రికార్డు చేస్తున్నారు. గోడవతల టెక్నీషియన్ ఫ్యాను గరగరమంటోంది. పాత రికార్డింగులన్నిటిలోనూ ఆ చప్పుడుంది. ఆ రోజు దాంట్లో లేదు. అతను భోజనానికి వెళ్లగానే ఫ్యాను తీసుకెళ్లి మీ బల్ల కింద పెట్టుకున్నారు, మిషన్ మూత వేశారు. అతని వైర్లన్నిటికీ ఉన్న నీలం టేపే ఆ ఫ్యానుకూ ఉంది."

"ఒక్క పాట," అందామె. "పాట అయ్యేదాకానే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను. పాప అంత బాగా పాడింది... పొగ చూసేసరికి..." తలెత్తింది. "నా సినిమాని నా చేతులతో నేనే చంపుకున్నానని ఎలా చెప్పను? అతను ఎలాగూ కార్డును తిడుతూనే ఉండేవాడు. అందరూ నమ్ముతారనిపించింది."

"ఆ పళ్లు," అంది దర్జీ అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సర్వేయరు నిట్టూర్చాడు. "మంట పెట్టింది మీరు కాదమ్మా. ఒక ఫ్యాను తీస్తే తగలబడే వస్తువును అసలు అమ్మకూడదు. దీపాలకు పెట్టిన ఖర్చు రేకుకు పెట్టలేదు. అది మీ తప్పు కాదు. నిజం చెప్పుంటే అందరూ మీతో కలిసి ఏడ్చేవారు. మీ నేరం మంట ఆరాక మొదలైంది."

ఇన్‌స్పెక్టరు ఆమెను తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి దర్జీ అక్క వైపు చూసింది. అక్క ముఖం తిప్పుకుంది.

"కార్డు తయారుచేసిన కంపెనీ మాటేమిటి?" అని టీచరు పట్టుబట్టింది. బావమరిది పొడిగా నవ్వాడు. "ఎప్పుడో అడిగాను. మూత తీసి, బయటి ఫ్యాను పెట్టి వాడారు కాబట్టి గ్యారంటీ చెల్లదన్నారు. ఇప్పుడు కొత్త మోడల్ వచ్చింది. దీపాలు ఎక్కువ, రేకు అదే."

సాయంత్రం ఆస్పత్రిలో మంచం పక్కన పోలీసు లేడు. అక్క చెప్పిందంతా టెక్నీషియన్ కళ్లార్పకుండా విన్నాడు. ఆర్టిస్టు పేరు వచ్చినప్పుడు దవడ బిగించాడు.

"రేకు పొట్టిగానే ఉందా సార్? మీరు చూశారా?"

"చూశాను. నువ్వు చెప్పినట్టే ఉంది."

అప్పుడు ఏడ్చాడతను. తుడుచుకోవడానికి చేతులు లేవక ముఖం దిండుకేసి రుద్దుకున్నాడు. కుడిచేతి వేళ్లు రెండు ఇక వంగవని ఆ ఉదయమే డాక్టరు చెప్పాడట. కాసేపటికి సర్దుకుని అడిగాడు:

"మిగతా రెండు మిషన్లు ఆపేశారా?"

సర్వేయరు టీచరు వైపు చూశాడు. స్టూడియో దాటి వచ్చేటప్పుడు రెండు మిషన్ల రొద ఆమెకు స్పష్టంగా వినిపించింది. పోయిన పనిని మళ్లీ మొదలుపెట్టమని ఓనరు అప్పటికే కేకలేస్తున్నాడు.

"నడుస్తున్నాయి," అంది ఆమె.

"అక్కా, ఓనరు గారికి ఫోన్ కలుపు."

"నీకెందుకురా ఇంకా? నిన్ను దోషిని చేశారు, చేతులు పోగొట్టారు! తగలబడనీ!"

"ఆ గదిలో మనుషులు కూర్చుంటారే," అన్నాడతను.

అక్క సంచీలోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, తమ్ముడి చెవికి ఆనించి పట్టుకుంది. అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"మళ్లీ కలుపు," అన్నాడు.

ఆమె మళ్లీ కలిపింది.