బుడే కన్ను

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళన్నీ రాలిపోవాలి. ఉన్నవి మూడేలే, అయినా ఒట్టు ఒట్టే. ఇలా దీపం దగ్గరకు జరుగు శ్రీదివ్యా, కరెంటు ఇప్పట్లో రాదు.

మార్టూరులో మా అన్న కొడుకు లక్ష్మీకాంత్‌కు గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉందా? అక్కడ రాయి చెక్కే పనోడు బుడే కంట్లోకి ఓ పొద్దున ఉలి ముక్క దూసుకుపోయింది. తుపాకీ గుండంత ముక్క! చూసినవాళ్ళు ఆవగింజంత అంటారు, నమ్మకు. కళ్ళద్దాలు లేవా అంటే ఉన్నాయి. కవరైనా విప్పకుండా ఆఫీసు గోడకు వేలాడుతున్నాయి, తనిఖీకొచ్చేవాళ్ళు చూడ్డానికి.

"సార్, గుంటూరు ఆస్పత్రికి వెళ్ళొస్తానండీ," అన్నాడు బుడే.

"నలక పడితే ఆస్పత్రేంట్రా? నీళ్ళు కొట్టుకో. లోడు పంపాక వెళ్దువుగాని," అన్నాడు మా సన్నాసి.

లోడు రెండ్రోజులకు గానీ కదల్లేదు. రాళ్ళు కడిగిన మురికినీళ్ళే కొట్టుకున్నాడు బుడే. కన్ను కొబ్బరికాయంత వాచింది. లోపల తెల్లగా చీము పేరుకుంది. "దెబ్బ తగిలిన రోజే తెస్తే దక్కేదేమో," అని డాక్టరమ్మ తిట్టిపోసింది. కన్ను తీసేశారు.

బుడే బతికే ఉన్నాడు. చచ్చింది కన్ను. దెయ్యమైందీ కన్నే.

దెబ్బ తగిలినప్పుడు బుడే చెక్కుతున్న నల్లరాయి మీద తెల్లమచ్చ తేలింది. ఎంత అరగదీసినా పోలేదు. ఎవరూ కొనని ఆ రాయిని తెచ్చి మన వంటగట్టుకు వేయించాడు లక్ష్మీకాంత్ సచ్చినోడు! నా ఒళ్ళు మండదూ?

మొన్న దీపాలవేళ వాడే వచ్చాడు. వంటింట్లో మిరపకారం ఘాటును మించి చీము కంపు. గట్టు మీద నీళ్ళు... తుడిస్తే మళ్ళీ ఊరుతున్నాయి. వెచ్చగా.

"అత్తా..." గుసగుసలాడాడు. "ఆ మచ్చ ఇందాక అటు మూల లేదూ?"

"మచ్చకు కాళ్ళుంటాయేంట్రా?"

వాడు వంగి చూశాడు. మచ్చ... రెప్ప వేసింది.

వాడు ఎడమకన్ను మూసుకుని కూలబడ్డాడు. "ఏదో పడిందత్తా... మంట..."

"నలకేగా," అన్నాను. "నీళ్ళు కొట్టుకో."

రాత్రికి రాత్రే గుంటూరు పరిగెత్తాడనుకో. తనకైతే లోడు అడ్డం రాదుగా! ఇందాక ఫోను చేశాడు. డాక్టరమ్మ ఎంత వెతికినా కంట్లో ఏమీ లేదట. కానీ ఆ కంటికి ఆస్పత్రి కనపడటం లేదట. మన వంటిల్లు కనపడుతోందట...

వాగి వాగి గొంతెండిపోయింది. వెళ్ళి వంటింట్లోంచి చెంబుడు మంచినీళ్ళు పట్రా తల్లీ. గట్టు వంక చూడకు. నువ్వు ఏ రంగు పరికిణీ కట్టుకున్నావో వాడు మళ్ళీ ఫోను చేసినప్పుడు అడుగుతాను.

ఇదిగో, దీపం పట్టుకెళ్ళు. నువ్వు కనపడాలిగా.