ఎవరి దగ్గరా లేని ప్రింటు

ఆదివారం మధ్యాహ్నం మూడు కొట్టిందంటే ఆపరేటరు ఫోను ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చునేవాడు. ఆసుపత్రి టెలిఫోన్ డెస్కులో పనిచేస్తాడు కాబట్టి అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. చూపు పోయి నాలుగేళ్లయింది. పాత దెయ్యాల సినిమాలన్నా, రాకెట్ల సినిమాలన్నా అతనికున్న పిచ్చి మాత్రం చూపుతో పాటు పోలేదు. మూడింటికి ఫోనులో ముగ్గురు చేరేవారు: పాత సినిమా టేపులు పోగేసే టేపుల తాత, పళ్ల డాక్టరు, ఇతను. ఆ వారం ఏం చూశారో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోవడమే వాళ్ల పండగ. ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. గొంతులతోనే పరిచయం.

మిగతా ఇద్దరూ కళ్లతో చూసేవారు. ఇతను చెల్లెలి నోటితో చూసేవాడు.

చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో చెకర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాల మీద తప్పిపోయిన కుట్లు వెతకడమే ఆమె పని. సినిమా కూడా అలాగే చెప్పేది, ఉన్నదున్నట్టు. అక్కడ దెయ్యం ఎవరి పీకో పిసుకుతుంటే, "దాని కోటు అంచు సరిగ్గా మడవలేదన్నయ్యా" అని విసుక్కునేది. ఆమెకు సినిమాలంటే ఆవగింజంత ఇష్టం లేదు. అన్నయ్యంటే ఇష్టం. అతనికీ ఈ లోకంలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

మూసేసిన ఒక సీడీల కొట్టు నుంచి అతను అట్టపెట్టెడు పాత సినిమాలు తెప్పించుకున్నాడు. మొదట చూసింది మైనపు బొమ్మల దుకాణం కథ. నలుపు తెలుపు, మూగ సినిమా, సంగీతం కూడా లేదు.

"ఆ మూలన గోడవైపు తిరిగి ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంటాడు చూశారూ, చివరిదాకా కదలడు, ఎవరో చెప్పరు. నాకదే భలే నచ్చింది" అన్నాడు ఆ ఆదివారం.



"ఏ మనిషి?" అన్నాడు టేపుల తాత. ఆయన ఆ సినిమా పన్నెండుసార్లు చూశాడు. "అందులో ముసలాడు, వాడి కూతురు, బొమ్మలు. అంతేనయ్యా."

"చీకటి సీను వచ్చినప్పుడల్లా కనిపించాడని మా చెల్లి చెప్పింది."

"మీ చెల్లి లేనిది కల్పించి చెబుతుందా?"

"చచ్చినా చెప్పదు."

తాత సంతోషంతో అరిచాడు. "అయితే నీ దగ్గరున్నది సెన్సారు కోత పడని ప్రింటు! ఎవరి దగ్గరా లేదురా అబ్బాయ్ అది!"

ముగ్గురూ పప్పులో కాలేసింది అక్కడే. ఇంకెవరైనా అయితే ఆ అమ్మాయి కళ్లు ఒకసారి పరీక్ష చేయించమనేవారు, లేదా ఇల్లు మారమనేవారు. వీళ్లు సినిమా పిచ్చోళ్లు. వీళ్లకు ప్రింటు తప్ప ఇంకో సంగతి తట్టలేదు.

తర్వాతి వారం చెరువులో మునిగిన ఊరి కథ. అందులోనూ ఆ మనిషి ఉన్నాడు. ఈసారి ఇటు తిరిగాడు. అదే పెట్టెలోది కదా, ఈ సినిమాలన్నీ ఒకే చోట తయారై ఉంటాయని డాక్టరు తేల్చేశాడు. మొహం ఎలా ఉంది, చేతిలో ఏముంది అని తాత ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. నాలుగేళ్లుగా అందరి దగ్గరా అయ్యో పాపం తప్ప వినని ఆపరేటరుకు, తన మాట కోసం ఇద్దరు చెవులు రిక్కించడం ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"నాకు అది చూడబుద్ధి కావట్లేదన్నయ్యా" అంది చెల్లెలు ఆ రాత్రి అన్నం పెడుతూ. "సినిమాలో అందరూ ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ఆ మనిషొక్కడే నన్ను చూస్తాడు."

"సినిమా వాళ్లు అలాగే తీస్తారే పిచ్చిదానా. ఈ ఒక్కసారికి చూడు. నాకోసం."

ఆమె కాదనలేదు. అతను ఏదడిగినా ఆమె ఎప్పుడూ కాదనలేదు.

మూడో ఆదివారం చంద్రుడి మీదికి నలుగురు ప్రయాణం కట్టే సినిమా, ఇదీ మూగదే. ముగ్గురి దగ్గరా ఉందది. ముగ్గురూ ఒకే క్షణంలో మొదలుపెట్టాలని, చెల్లెలు ఫోనులో చెబుతుంటే మిగతా ఇద్దరూ తమ తెర మీద పోల్చి చూడాలని అనుకున్నారు. సోఫా వెనక కిటికీ తెరిచి ఉంది. ఎండ వేడి ఆపరేటరు మెడ మీద పడుతోంది. పక్కనే చెల్లెలు. ఆమె జుట్టు నుంచి కొత్త బట్టల గంజి వాసన.

"నలుగురు రాకెట్టులోకి ఎక్కారు. ఒకడి బూటు తాడు ఊడింది" అంది ఆమె.

"సరిపోయింది" అన్నాడు తాత.

"నేల కనిపిస్తోంది. తెల్లగా, గుంటలు గుంటలుగా."

"సరిపోయింది."

 ఉన్నట్టుండి పక్కన ఆమె ఊపిరి వేగం పెరిగింది.

"ఏమైందే?"

"చీకటైంది."

"ఆ మనిషి వచ్చాడా?" డాక్టరు గొంతులో ఆత్రం.

"వచ్చాడు... దగ్గరికొచ్చాడు... వంగుతున్నాడు."

"ఎక్కడ నిలబడ్డాడు తల్లీ? సరిగ్గా చూసి చెప్పు."

"సోఫా వెనక."

 డాక్టరు మెల్లగా అడిగాడు.

"రాకెట్టులో సోఫా ఎక్కడిదమ్మా?"

"చీకటేంటి?" అన్నాడు తాత. "మా తెర మీద ఇంకా చంద్రుడి నేలే ఉంది. కళ్లు చెదిరే తెలుపు..."



"చెల్లీ. టీవీ ఆపేయ్."

"ఎప్పుడో ఆపేశానన్నయ్యా." ఆమె గొంతు గుసగుసలా వచ్చింది. "భయమేసి ఆపేశా. ఆపినా గాజులో కనిపిస్తున్నాడు... నువ్వడుగుతున్నావని చెబుతున్నా."

అప్పుడర్థమైంది అతనికి. తెర నల్లబడితే గాజు అద్దమవుతుంది. మూడు వారాలుగా చీకటి సీన్లలో ఆమె చూసింది సినిమా కాదు. ఈ గదిని. చూడలేనన్న పిల్లను, చూడు చూడు అని తనే కూర్చోబెట్టాడు.

తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెమట పట్టి ఉంది.

"వెనక్కి తిరగకు."

"తిరిగి చూశా. వెనక ఎవరూ లేరు... గాజులోనే ఉన్నాడు."

సోఫా ఆ చివర కిర్రుమంది. బరువుగా దిగింది.

"అన్నయ్యా... గాజులో నా రెండో చెయ్యి పట్టుకున్నాడు."

"వదిలించుకో! లే, పద..."

అతని పిడికిలి ఒక్కసారి మూసుకుపోయింది. లోపల ఏమీ లేదు.

తలుపు గడియ లోపల వేసినట్టే ఉందని పోలీసులు చెప్పారు. నాలుగు రోజులు ఆమె కోసం వెతికి మానుకున్నారు. టేపుల తాత ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆ తర్వాత ఫోను చెయ్యలేదు. డాక్టరు ఒకసారి ఇంటికే వచ్చి, ఆరిపోయిన టీవీ ముందు చాలాసేపు నిలబడి, "గాజులో నువ్వూ నేనూ తప్ప ఎవరూ లేరయ్యా" అని వెళ్లిపోయాడు.

ఆపరేటరు ఉద్యోగం మానేశాడు. రోజంతా ఆ గాజు ఎదురుగానే కూర్చునేవాడు. ఎక్కడైనా ఉంటే ఆమె అక్కడే ఉండాలి. కళ్లున్న ఎవరికైనా కనిపించవచ్చు. తనకు మాత్రం ఈ జన్మలో కనిపించదు. ఆ ఆలోచన రంపంతో కోసినట్టు ఉండేది. తిండి తినబుద్ధి అయ్యేది కాదు. వచ్చిన ప్రతివాళ్లనూ గాజులోకి చూడమని బతిమాలేవాడు.

ఒక మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు వచ్చింది. "ఏం నాయనా, తలుపు తీసే పెట్టావు" అంటూ లోపలికొచ్చి సోఫా వెనక నిలబడింది.

"పిన్నిగారూ, ఒక్కసారి ఆ గాజులోకి చూసి చెప్పండి."



"ఉంది నాయనా. నీ పక్కనే కూర్చుని ఉంది."

అతను పక్కన తడిమాడు. చల్లటి సోఫా గుడ్డ తగిలింది.

"ఎలా ఉంది? ఏం చేస్తోంది?"

"ఏడుస్తోంది. నోరు కదుపుతోంది... నీకేదో చెబుతోంది. మాట పైకి రావట్లేదు."

"ఇంకా? చెప్పండి పిన్నిగారూ, మీ కాళ్లు పట్టుకుంటా."

"వేలు పెట్టి చూపిస్తోంది..."

"ఎవర్ని?"

పక్కింటి పిన్నిగారు పొట్టి మనిషి. సోఫాలో కూర్చున్న అతనికి ఆవిడ మాట ఎప్పుడూ తలకు జానెడు పైనే వినిపించేది. ఈ మాట మాత్రం పైకప్పు దగ్గర మొదలై, మెల్లమెల్లగా వంగుతూ, అతని చెవి దాకా దిగింది.

"నన్ను."