మూడో అంతస్తులో లేచే చెయ్యి

చీకటి పడ్డాక ఆ మూడో అంతస్తు హాల్లోకి ఎవరూ వెళ్ళరు. పగటిపూట అడిగితే నవ్వేస్తారు, దెయ్యమేమిటి మీ మొహం అంటారు. అదే మాట సాయంత్రం అడిగి చూడండి — పుస్తకాలు సర్దుకుని మెట్లవైపు నడుస్తారు.

కనిపించేది పెద్దగా ఏమీ లేదు. హాలు చీకటిగా ఉంటుంది. అలికిడి ఉండదు. ఉన్నట్టుండి ఓ మూల లైట్లు వెలుగుతాయి... ఆ వెలుగులో, నిలబెట్టిన బోర్డుల పైనుంచి, ఒక చెయ్యి లేచి ఉంటుంది. చెయ్యి మాత్రమే. కాసేపటికి అది దిగిపోతుంది. ఇంకాసేపటికి లైట్లూ ఆరిపోతాయి. మళ్ళీ చీకటి... మళ్ళీ చెయ్యి.

ఎదురు హాస్టల్ వరండాలోంచి చూసినవాళ్ళు ఒకరా ఇద్దరా! వాచ్‌మన్ అయితే రెండో అంతస్తు దాకా వచ్చి, పైకి ఓ చూపు చూసి, చూశాననిపించుకుని దిగిపోతున్నాడట.

ఇదేదో పాడుబడ్డ కొంప సంగతయితే పోనీలే అనుకోవచ్చు. అది పెయింటు వాసన కూడా వదలని కొత్త హాలు. ఆ యూనివర్సిటీలో ఏ డిపార్ట్‌మెంటు పిల్లలు ఆ గదిలోనే ముడుచుకుని కూర్చుంటున్నారనీ, పక్కవాడు ఏం చదువుతున్నాడో పక్కవాడికి తెలియడం లేదనీ, వీసీ మేడమ్ పట్టుబట్టి చేయించిన హాలు. కెమిస్ట్రీకీ చరిత్రకీ మధ్య ఉన్న గోడ పడగొట్టి రెండు గదుల్నీ ఒకటి చేశారు. బల్లలకి చక్రాలు, బోర్డులకి చక్రాలు. ఎవరైనా ఎవరి పక్కకైనా జరుపుకుని కూర్చోవచ్చు, అడిగేవాడు లేడు.

దానికి ప్లాను గీసి, దగ్గరుండి కట్టించినావిణ్ణి అక్కడందరూ డిజైనరమ్మ అనేవారు. ఇన్నేళ్ళూ ఒకరి కింద గీతలు గీసీ గీసీ, మొదటిసారి సొంతంగా చేసిన పని. బాగుందంటే మిగతా అంతస్తులు కూడా ఆమెకే ఇస్తామన్నారు. కానీ ఏం లాభం, ఈ చెయ్యి పుణ్యమా అని పొద్దువాలేసరికి హాలు ఖాళీ. ఇదే సందని ప్రొఫెసర్లు కొందరు అర్జీ పెట్టారు — ఈ హాలు మాకొద్దు, మా గోడ మాకు కట్టించండని. తెల్లారితే దాని మీదే మీటింగు. గోడ మళ్ళీ లేచిందంటే ఇక ఆమెని పిలిచి పనిచ్చేవాళ్ళుండరు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

డిజైనరమ్మకి దెయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అంతకన్నా లేదు.

కొన్నాళ్ళుగా ఆమె గమనిస్తూనే ఉంది. పొద్దున్నే వచ్చి చూస్తే బోర్డులన్నీ ఓ మూలకి జరిపి, తెరకట్టినట్టు నిలబెట్టి ఉంటున్నాయి. కొత్త బల్ల మీద గోధుమరంగు మరకలు. ముక్కుపుటాలు మండించే పుల్లటి వాసన. ఆ అంతస్తులో యాసిడ్ సీసాలు ఎవరి దగ్గరుంటాయో చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు కదా.

కెమిస్ట్రీ మేష్టారంటే అందరికీ హడలే. ముక్కుమీద కోపం. చాక్‌పీసు చిన్నదిచ్చారని కూడా పోట్లాడగలరు. గోడ పడగొట్టిన రోజున దుమ్ములో నిలబడి, "చదువుకునే చోటుని సంత చేశావమ్మా" అని డిజైనరమ్మని మొహం మీదే అనేసి వెళ్ళిపోయారు. అసలు ఆ గోడ పుట్టిందే ఆయన గొడవలోంచి. ఒకే గది కోసం ఆయనా, చరిత్ర విభాగంలో శాసనాలు చదివే మేష్టారూ కొట్టుకున్నంత పనిచేస్తే, విసుగెత్తి మధ్యన గోడ పెట్టి చెరిసగం ఇచ్చారట. ఆనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. లిఫ్టులో ఒకరుంటే ఇంకొకరు మెట్లెక్కుతారు.

శాసనాల మేష్టారు మాత్రం వెన్నలాంటి మనిషి. అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే, నిజమే. అయినా ఎదురుపడితే, ఏమీ అనుకోకమ్మా, మా పిల్లల గది పోయిందన్న బాధే కానీ నీ పనికి వంకపెట్టడం లేదని చెప్పి మరీ వెళ్ళేవారు. అందుకే ఆమె అనుమానమంతా కెమిస్ట్రీ మేష్టారి చుట్టూనే తిరిగింది. తన గది తనకి రావాలని ఈ పెద్దమనిషే దెయ్యం వేషం కడుతున్నాడు — పిల్లలు బెదిరిపోతే హాలు దానంతటదే మూతపడుతుందని.

ఆ రాత్రే పట్టుకోవాలనుకుంది. తోడుకి పెదనాన్న కొడుకుని లాక్కొచ్చింది. ఆ హాలుకి లైట్లు పెట్టింది అతనే. ఒంట్లో బాగాలేదన్నాడు, మీ వదిన ఒక్కతే ఉందన్నాడు, రేపు చూద్దామన్నాడు. వదినకి నీ ధైర్యం సంగతి చెప్పేస్తానని బెదిరిస్తే గానీ కదల్లేదు.

మెట్లమీద ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు.

"చూడవే... ఆ లైట్లకి స్విచ్చిల్లేవు. మనిషి కదిలితే వెలుగుతాయి. లోపల ఎవరూ లేకపోతేనే ఆరతాయి. పెట్టినవాణ్ణి నేను. ఆరిపోయాయంటే లోపల ఎవరూ లేరనేగా?"

"అయితే?"

"లేనివాడు చెయ్యెలా ఎత్తుతాడే?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని పైకి లాగింది. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి ఆమె అరచేతులు కూడా చల్లబడ్డాయి.

హాలుకి గాజు తలుపులు. వాటికి ఇవతల నిలబడితే లోపలి లైట్లకి మన సంగతి తెలియదన్నాడు అన్నయ్య. ఇద్దరూ మెట్ల పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నారు. లోపల కటిక చీకటి. బల్లలెక్కడున్నాయో, బోర్డులెక్కడున్నాయో కూడా తెలియడం లేదు. కింద ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు...

చాలాసేపు ఏమీ లేదు. ఇక లేద్దామా అని అన్నయ్య ఆమె మోచెయ్యి గోకుతున్నాడు.

అప్పుడు వినబడింది.

గుసగుస. ఒకటి కాదు — రెండు గొంతులు. ఒకటి బొంగురు, ఒకటి సన్నం.

"నెమ్మది... నెమ్మది..."

"ఇంకొంచెం..."

తర్వాత ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దం. ఆ చీకట్లో మనుషులుంటే కుర్చీ కిర్రుమనాలి, దగ్గు రావాలి. ఏదీ లేదు.

"వచ్చింది... అదిగో, పైకొచ్చింది..."

భళ్ళున ఓ మూల లైట్లు వెలిగాయి. బోర్డుల పైనుంచి నిటారుగా లేచింది — చెయ్యి! పాలిపోయిన చెయ్యి. వేళ్ళు లావుగా, నున్నగా ఉన్నాయి. వేళ్ళకి గోళ్ళు లేవు.

"గోళ్ళు లేవే..." అన్నాడు అన్నయ్య. 

భయం వేసింది డిజైనరమ్మకి.  కానీ తెల్లారితే పోయేది తన బతుకు. ఆ కోపమే ఆమెని లేపి నిలబెట్టింది. తలుపు తోసి లోపలికి నడిచింది. ఆమె అడుగు పడినకొద్దీ నెత్తిమీద లైట్లు వరసగా వెలుగుతూ వచ్చాయి. బోర్డుల వెనక ఏదో దభీమంది. ఎవరూ ముట్టుకోకుండానే ఒక బోర్డు మెల్లగా పక్కకి జరగడం మొదలెట్టింది...

దాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగింది.

కెమిస్ట్రీ మేష్టారు! చేతులకి రబ్బరు తొడుగులు. ముందు బల్లమీద దుప్పటంత గుడ్డ పరిచి, దాని మీద ఓ గాజు పళ్ళెం, కుంచె, కాగితం చుట్టిన చిన్న టార్చి. ఆమెని చూడగానే ఆ పళ్ళెం మీద చేతిరుమాలు కప్పేశారు. చుట్టూ ఇంకెవరూ లేరు.

"రెండు గొంతులు విన్నాను," అంది ఆమె. "రెండోవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరితో మాట్లాడుతున్నారు?"

"నాతో నేనే."

పిల్లల్ని బెదరగొట్టడానికి ఈ వయసులో ఈ వేషాలేమిటని కడిగేసింది. ఆయన తల వంచుకుని విన్నారు. ఆ వినడమే ఆమెకి ఎబ్బెట్టుగా తోచింది గానీ, దొంగ దొరికాడన్న ఊపులో అదేమీ తరచి చూడలేదు. అన్నయ్య మాత్రం గడప దాటి రాలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ ఒకటే గొణుగుడు — మనిషి ఒక్కడు, గొంతులు రెండు, నేను చెప్తూనే ఉన్నానా అని.

పొద్దున మీటింగులో డిజైనరమ్మ దాచలేదు. దెయ్యం లేదు, ఉన్నది ఈయనేనని చెయ్యి చూపించి మరీ చెప్పింది. అందరూ ఒక్కసారిగా గోల పెట్టారు. వీసీ మేడమ్ కళ్ళజోడు తీసి, నిజమేనా మేష్టారూ అని అడిగారు.

"నిజమే."

"ఎందుకు చేశారు?"

"ఆవిడ చెప్పిందిగా."

అలాగైతే విభాగం బాధ్యత వదులుకోవాల్సి ఉంటుందని, విచారణ కూడా వేయాల్సి వస్తుందని మేడమ్ మెల్లగానే చెప్పారు. ఆయన సరేనన్నట్టు తలూపారు. అంతే.

డిజైనరమ్మ సంబరపడాల్సింది. పడలేకపోయింది. చాక్‌పీసు కోసం పోట్లాడే మనిషి, ఉద్యోగమంతా సంపాదించుకున్న పేరు పోతుంటే ఒక్క మాటైనా ఎదురు చెప్పడేం? అనుమానం ఇప్పుడు ఇటు తిరిగింది. తనే ఏదో పొరబడింది. 

"మేష్టారూ... నిన్న రాత్రి ఆ రెండో గొంతు—" అని ఆమె మొదలుపెట్టింది.

"లేదన్నానుగా!" అని గదిమారు కెమిస్ట్రీ మేష్టారు. ఆ మీటింగులో ఆయన ఎదురు తిరిగింది ఆ ఒక్క మాటకే.

వరసలో చివరి కుర్చీ కిర్రుమంది. బల్ల అంచు పట్టుకుని శాసనాల మేష్టారు లేచి నిలబడుతున్నారు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆ గొంతు నాది," అన్నారు. "నేను బల్ల కింద ఉన్నాను."



ఆయనే చెప్పుకొచ్చారు. గోడ పడిపోయిన కొత్తలో, ఒక సాయంత్రం చిలుమెక్కిన రాగిరేకొకటి తెచ్చుకుని ఆ హాల్లో గీకుతూ కూర్చున్నారట. ఎన్నేళ్ళుగానో దాని మీద అక్షరం కనబడక చస్తున్నారు. అటువైపు నుంచి పోతున్న కెమిస్ట్రీ మేష్టారు ఆగి, అలా గీకితే అక్షరాలు కూడా ఊడొస్తాయని కసురుకున్నారట. అంతకు ముందు ఆ మాత్రం కసురు కూడా లేదు ఇద్దరి మధ్యా. మర్నాడు రాత్రి ఆయనే సీసాలు పట్టుకొచ్చారు. ఈయన అక్షరం ఎక్కడుందో చూపిస్తారు, ఆయన చిలుము కరిగిస్తారు. చెయ్యి ఏమాత్రం అదిరినా అక్షరం పోతుంది కాబట్టి ఇద్దరూ రాళ్ళలా కూర్చుంటారు. లోపల ఎవరూ లేరనుకుని లైట్లు ఆరిపోతే, మసక టార్చి వెలుగులోనే పని సాగుతుంది. అక్షరం తేలాక చదవడానికి బోర్డుల పైకి చెయ్యెత్తి ఊపితే లైట్లు వెలుగుతాయి. పిల్లలు భయపడుతున్నారని విన్నారు, విని ఊరుకున్నారు. మనుషులెవరో చూడకపోతే చాలుననుకున్నారు.

"దాక్కోవడం దేనికి?" అని అడిగారు వీసీ మేడమ్.

"అర్జీ మీద మొదటి సంతకం నాదమ్మా. నా మాట మీదే మిగతావాళ్ళంతా పెట్టారు. ఆ హాలే నాకు కావాలని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా పరువు కోసం ఈయన తన పరువు తీసుకుంటుంటే ఇంతసేపూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఇక నా వల్ల కాదు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. గోడ కట్టకండి."

డిజైనరమ్మ తలెత్తి ఎవరినీ చూడలేకపోయింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ రెండింటి అడుగున ఎక్కడో చెప్పలేనంత సంతోషం కూడా వేసింది.

 ఎవరికి వాళ్ళు కెమిస్ట్రీ మేష్టారి వైపు చూస్తున్నారు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా విన్నవాళ్ళు డిజైనరమ్మ తప్ప ఆ గదిలో లేరు.  ఆయన వరస చివరికి తిరిగి, ఇంట్లో తమ్ముణ్ణి కసురుకున్నట్టు కసురుకున్నారు.

"చాల్లే, ఇక కూర్చోరా. రాత్రి ఆ మోకాలు బల్లకేసి కొట్టుకున్నావు. నిలబడితే వాస్తుంది."